బలుసు పొదకు ఇచ్చిన బిడ్డ

నేనొక ముళ్ళపొదను. ఒంటినిండా ముళ్ళున్నాయి కాబట్టి గుండెనిండా ధైర్యం ఉంటుందనుకుంటారు జనం. ధైర్యం ఉన్నదానికి ముళ్ళెందుకు చెప్పండి? మామిడికి లేవు, వేపకు లేవు. పుట్టిన నాటినుంచి ఎవరొచ్చి ఏం తుంచుకుపోతారో అన్న బెదురుతో, ఆకు ఆకుకూ అటొక ముల్లు ఇటొక ముల్లు కాపలా పెట్టుకున్న పిరికిదాన్ని నేను. పోనీ అంత చేసినందుకు ఆకు దక్కిందా అంటే, అదీ లేదు.

నా పేరు బలుసు. నన్ను చూడనివాళ్ళకు కూడా నా పేరు తెలుసు. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారే, ఆ బలుసును నేనే. పరీక్ష తప్పిన పిల్లవాడికీ, పంట పోయిన రైతుకూ ఆ మాటే చెప్పి వీపు తడతారు. చెప్పేవాళ్ళలో చాలామంది నా ఆకు నోట పెట్టి ఉండరు. ఇంకేదీ దొరకనప్పుడు తినేది అని నామీద వాళ్ళకొక చిన్నచూపు. కందిపప్పులో వేసి, ఇంత చింతపండు పిసికి, ఎండుమిరపకాయ తాలింపు పెడితే ఎట్లా ఉంటానో తిన్నవాళ్ళు చెప్పాలి గానీ నేను చెప్పుకుంటే బాగుండదు.

లంకమల కొండ కింద, వాననీళ్ళు పారే వంక గట్టున మొలిచాను. నన్ను కన్న పొద ఎక్కడుందో నాకు తెలియదు. ఎక్కడో పండిన బలుసుపండును ఒక ఎలుగుబంటి తిని, ఇంత దూరం నడిచొచ్చి, గింజను ఇక్కడ విడిచిపెట్టి పోయింది. గొప్ప పుట్టుకేమీ కాదు. మొలకగా ఉన్నప్పుడు మేకనోటికి భయపడ్డాను. నడుమెత్తు పెరిగాక, కంచెకు కంప కొట్టుకుపోయేవాళ్ళ కత్తికి భయపడ్డాను. వాన రాకపోతే ఎండిపోతానని, వస్తే వంక పొంగి వేళ్ళు తేలిపోతాయని. ఎండాకాలంలో కొండమీద ఎక్కడో సన్నగా పొగ లేస్తే, ఆ మంట నన్ను చుట్టుకున్నట్టే ఆకులన్నీ ముడుచుకునేదాన్ని. ఏటేటా పండ్లు పండేవి. పిట్టలు కొన్ని, ఎలుగులు కొన్ని నా గింజల్ని పట్టుకుపోయేవి. వాటిలో ఒక్కటన్నా ఎక్కడన్నా నిలిచిందో లేదో చెప్పిపోయే దిక్కు లేదు. తల్లినన్నమాటే గానీ, ఒక బిడ్డ ముఖం చూసిన పాపాన పోలేదు.

ఇన్ని భయాలూ పడ్డాను గానీ, ఏ రోజూ భయపడనిదొకటి నా నెత్తిన వచ్చిపడింది. మనిషి బిడ్డ.

వంకకు అవతల ఏటిగడ్డపల్లె అని నలభై గడపల ఊరు. అక్కడివాళ్ళకు గొర్రెలు, కాసిని మెట్టచేలు. తొలకరి పడి నేను చిగురు వేయగానే ఆడవాళ్ళు ఒడికట్టుకుని వచ్చేవాళ్ళు. గోటితో చిగుళ్ళు గిల్లేవాళ్ళే తప్ప కొమ్మ దూయరు. నడినెత్తిన ఉన్న చిగురును మాత్రం ఎవరూ ముట్టరు. అది పొదది, మనది కాదు అంటారు. ఆ ఒక్క మాటకు నేను వాళ్ళను చాలా మన్నించాను.

ఆ వచ్చేవాళ్ళలో ఓబులమ్మ అని ఒక కోడలు ఉండేది. సన్నటి మనిషి. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయి వెనక్కి చూసేది, ఎవరో పిలిచినట్టు. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు పురుడు గడవకముందే, రెండోది బోర్లా పడుతుండగా. మూడోసారి నెల తప్పిందని ఊళ్ళో అందరికీ తెలిసినా, ఆమె మాత్రం ఎవరడిగినా లేదనే చెప్పేది. కడుపు ముందుకొచ్చాక కూడా గ్యాసు అనేది.

ఆడపిల్ల పుట్టింది. ఒకనాటి పొద్దున ఓబులమ్మ అత్త తిరుపాలమ్మ చేటలో పాతగుడ్డ పరిచి, దానిమీద ఆ పసికందును పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఓబులమ్మ వంకకు అవతలే నిలబడిపోయింది. తల్లి దగ్గరికి రాకూడదంట. తిరుపాలమ్మ చేటను నా కొమ్మల కిందికి తోసి, ముళ్ళు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఎవరితోనో జగడమాడినట్టు గట్టిగా అంది.

"బలుసమ్మా, ఈ బిడ్డ మాకొద్దు. మా కొంపలో నిలిచే రాత ల్యా. నీకే ఇచ్చేస్తాండాం. నీ ముండ్లే కాపలా. ఉంచుకుంటే ఉంచుకో, ల్యాకుంటే నీ ఇష్టం."

అని, వెనక్కి తిరిగి చూడకుండా వంక దాటి పోయింది.

బిడ్డ ఏడ్చింది. నాకు కాళ్ళూ చేతులూ లేవు, ఎత్తుకునే దారి లేదు. అంతవరకు నా మొదట్లో చీమలు ఉన్నాయని కూడా నేను పట్టించుకున్నదాన్ని కాదు. ఒక్కసారిగా వేల చీమలు కనబడ్డాయి. ఆకాశంలో గద్ద కనబడింది. గట్టు పగుల్లో పాము ఉందేమో అనిపించింది, ఉందనే అనిపించింది. ఎండ పొడ ఒకటి బిడ్డ కంటిమీద పడుతుంటే గాలిని బతిమాలుకున్నాను, ఆ కొమ్మను ఇంత ఇటు కదిలించమని. తల్లి కావడమంటే ఏమిటో నాకు తెలిసినంతవరకు అదే.

కాసేపటికి తిరుపాలమ్మ దారినపోయే మనిషిలాగా మళ్ళీ వచ్చింది.

"ఎవురిదో బిడ్డ ఏడుస్తాండాదే. బలుసమ్మా, నీదా? నీకు పాలు ల్యావు గదా. మా కోడలికి చేపుకొస్తాండాయి. మేము సాకిపెడతాం. బిడ్డ నీదే, సాకుడు మాది. పాలపండ్లు ఊడినాక చేటెడు తవుడు తెచ్చి నీ మొదట్లో పోసి కొనుక్కుంటాం. అంతదాకా నీదే."

ఆ ఊరి కట్టుబాటు అది. నిలవని ఇంట బిడ్డ పుడితే, పొదకో పుట్టకో ఇచ్చేస్తారు. కొనుక్కునేదాకా కన్నది నా బిడ్డ అనకూడదు. బిడ్డ ఆమెను అమ్మా అనకూడదు. చావు వచ్చి వాకిట్లో నిలబడి ఎవరి బిడ్డ అని అడిగితే, మాది కాదు అనాలి. ఎన్నో ఇండ్లు తిరిగి ఎంతోమందిని పట్టుకుపోయిన ఆ చావు, ఇంత చిన్న అబద్ధానికి మోసపోయి తిరిగి పోతుందని మనుషుల నమ్మకం. నవ్వొస్తుంది. కానీ చేటలో ఆ బిడ్డను చూసిన తరువాత, నేనూ నమ్మాను.

బలుసమ్మ అని పేరు పెట్టారు. పిలిచేది బలుసీ అని. ఓబులమ్మను చిన్నమ్మా అనేటట్టు అలవాటు చేశారు.

నడక వచ్చాక ఓబులమ్మ వెంట బలుసి నా దగ్గరికి వచ్చేది. నన్ను అమ్మా అనేది. టెంకాయచిప్పలో వంకనీళ్ళు తెచ్చి నా మొదట్లో పోసి, "తాగు అమ్మా, బాగా తాగు" అని దబాయించేది. "చిన్నమ్మ నా జడ గట్టిగా ఏసినాది, చూడు" అని తల వంచి చూపించేది. నేను మురిసిపోయేదాన్ని. అబద్ధం ఎందుకు, ఆ పిలుపుకు నా నెత్తిమీది చిగురు దాకా పాలు పొంగినట్టుండేది. అంతలోనే గట్టుమీద ఆకు గిల్లుతున్న ఓబులమ్మ ముఖం కనబడేది. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా ఆమె వేళ్ళు ఆగిపోయేవి.

ఊరి ఆడవాళ్ళకు ఇదొక వేడుక. వాళ్ళల్లో పుల్లక్క నోరు మరీ పెద్దది.

"ఏమ్మే ఓబులా, నీ సవితి ఈ యేడు బాగా చిగురేసినాదే."

"సవితేందక్కా."

"మరి? బిడ్డ దానిదయితే మొగుడు కూడా దానోడే గదా. గంగన్న పొద్దన్నే కొండకు గొర్రెలు తోలకపోయేది మేపేదానికనుకుంటాండావా? మీ ఇంట్లో అమాయకురాలివి నువ్వొక్కదానివే."

అందరూ నవ్వేవాళ్ళు. ఓబులమ్మా నవ్వేది. నవ్వుతూనే కంటికొసన బిడ్డను చూసుకునేది. బిడ్డ అడుగు తూలితే ఆమె ఉలికిపాటు పుల్లక్కకు కనబడిపోయేది.

"పొద బిడ్డయితే నీకెందుకమ్మే అంత గాబరా? వాళ్ళమ్మ చూసుకుంటాదిలే."

ఒకరోజు నా ముల్లే ఆ పిల్ల వేలికి దిగింది. రక్తం చూసి బెదిరి, పిల్ల ఏడుస్తూ ఓబులమ్మ దగ్గరికే పరిగెత్తింది. ఎవరు ఏ పేరు పెట్టి పిలవమన్నా, నొప్పి పుట్టినప్పుడు కాళ్ళకు తెలుస్తుంది ఎటు పోవాలో. ఓబులమ్మ రెండు చేతులూ చాచింది. చాచినవి అక్కడే ఆగిపోయాయి. చుట్టూ చూసి, కొంగు సర్దుకుంటున్నట్టు వెనక్కి తీసుకుంది.

"పో, పోయి మీయమ్మకు చెప్పుకోపో," అంది.

పిల్ల నా దగ్గరికి వచ్చి, గుచ్చినదాన్నే పట్టుకుని ఏడ్చింది.

బలుసికి ముందరి పాలపళ్ళు ఊడాయి. ఊడిన పంటిని తెచ్చి నాకు చూపించింది కూడా. ఆ చలికాలం తిరుపాలమ్మ కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకుని, చేటెడు తవుడు నెత్తిన పెట్టుకుని వచ్చింది. నేను ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న రోజు అది. బిడ్డ పోతుందని బాధ లేదా అంటే, ఉంది. కానీ ఆ చాచి ఆగిపోయిన చేతులు చూసినదాన్ని, ఎట్లా ఉంచుకుంటాను?

వంక దాటబోతూ ఓబులమ్మ పిల్ల మెడమీద చెయ్యి పెట్టి చూసింది. ఆగిపోయింది.

"అత్తా, దీని ఒళ్ళు వెచ్చంగుండాది."

"ఇంత దూరం నడిచొచ్చినాది. వెచ్చంగ కాక సల్లంగుంటాదా?"

"ఈ యేడొద్దత్తా. ఈ సలికాలం దాటనీ."

"ఏంది నువ్వు మాట్లాడేది? పిలకాయ రాయి మాదిరుండాది. కొనుక్కో తల్లీ. అమ్మా అనిపించుకోవాలని నీకు ల్యా?"

"ఉండాది. ఉండాదనే ఒద్దంటాండా." ఓబులమ్మ గొంతు తగ్గించింది. "నాకెంత ఆశుండాదో దానికి తెలిస్తే ఊరికే ఉంటాదా?"

దానికి అంటే దేనికో తిరుపాలమ్మ అడగలేదు. తవుడు ఇంటికి తీసుకుపోయి గొర్రెలకు పెట్టింది.

ఆ మరుసటేడు గవదబిళ్ళలు. ఆ తరువాత ఎవరికో తేలు కుట్టిందని విని ఆగిపోయింది. కుట్టింది వేరే పిల్లకు. అయినా ఆగిపోయింది. ఇంకో ఏడు ఏ జబ్బూ లేదు. ఏ జబ్బూ లేకుండా ఉండటమే ఆమెకు భయమేసింది, పెద్దదేదో దాచిపెట్టి ఉందని. నేను ఆమెను తప్పు పట్టను. పొగ కనబడగానే కాలిపోయినట్టు ముడుచుకున్నదాన్ని నేను. ఒకరి భయం ఒకరికి తెలుసు. కానీ నా భయంతో ఒకరి బాల్యం పోలేదు.

అట్లా ఉండగానే తిరుపాలమ్మ పోయింది. బిడ్డను ఇచ్చిన మనిషి పోయింది, కొనుక్కోవలసిన మనిషి భయపడుతోంది, అమ్మవలసిన నాకు నోరు లేదు. తవుడెందుకమ్మా, ఊరికే తీసుకుపో, ఇది ఏనాడూ నాది కాదు అని ఒక్క మాట అనగలిగి ఉంటే ఎంత బాగుండేదో. ఎన్ని ఆకులు పెట్టుకుని ఏం లాభం? ఒక్కటీ నాలుక కాలేదు.

బలుసి పెద్దబడికి పోయే వయసులో, ఒక మధ్యాహ్నం ఒంటరిగా వచ్చింది. చేతిలో కంప కొట్టే మచ్చుకత్తి. బడిలో ఎవరో అన్నారంట, నిన్ను పుట్టంగానే కొండలో పారేసిపోయినారు, గంగన్నోళ్ళు దయతలచి ఎత్తుకొచ్చుకున్నారు అని. మొదటి సగం నిజమే గదా. అందుకే రెండో సగం కూడా నమ్మింది. ఇంటికి పోయి ఓబులమ్మను అడిగితే, ఆమె దిక్కులు చూసి, పొయ్యిలో కట్టె ఎగదోసుకుంటూ కూర్చుందంట. ఇవన్నీ ఆ పిల్ల నాకు చెబుతూనే కొట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు మాయమ్మవు కాదు. నువ్వొక చెట్టువు. ముండ్ల చెట్టువు."

ఒక కొమ్మ పోయింది. ఇంకొకటి పోయింది. జీవితమంతా కత్తికి భయపడినదాన్ని, ఆ రోజు మాత్రం భయపడలేదు. కొట్టు తల్లీ, మొదటంటా కొట్టు, నేను లేకపోతే నిన్ను ఇచ్చుకోవడానికి వాళ్ళకు ఎవరూ ఉండరు అనుకున్నాను.

ఇంట్లో కత్తి కనబడలేదని ఓబులమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. వంకలో పడింది, లేచింది. పిల్లను ఆపడానికి వస్తోందనుకున్నాను. పిల్లను దాటుకుని వచ్చి నన్ను కావలించుకుంది. నా ముళ్ళన్నీ ఆమె చేతుల్లో, రొమ్ములో, చెంపలో దిగబడ్డాయి. కత్తి ఆమె భుజానికి బెత్తెడు ఎడంలో ఆగింది.

"దీన్ని కొట్టాకే. నీకు దండం పెడతా. దీనికేమన్నా అయితే..."

పూర్తి చెయ్యలేదు. దీనికేమన్నా అయితే నీకేమన్నా అవుతుందని ఆమె భయం. పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? నెత్తురు కారుతున్నా వదలకుండా ఒక పొదను పట్టుకుని ఉన్న మనిషి మాత్రమే దానికి కనబడింది. చిన్నగా అడిగింది.

"దాన్నట్ల పట్టుకున్న్యావే. నన్నెప్పుడన్నా పట్టుకున్న్యావా చిన్నమ్మా?"

ఓబులమ్మ నోరు తెరిచింది. చెప్పవలసిన మాట పెదవుల దాకా వచ్చిందని, అంత దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. ఆమె ఊపిరి నా ఆకులకు తగులుతోంది. కళ్ళెత్తి కొండవైపు చూసింది. మింగేసింది.

"కత్తి కిందెయ్. ఇంటికి పోదాం పా. సంగటి సల్లారిపోతాది," అంది.

బలుసి ఆ తరువాత నా దగ్గరికి రాలేదు. నన్ను గానీ, ఇంకెవర్ని గానీ అమ్మా అనలేదు. తెగిన కొమ్మలచోట పిలకలు వచ్చాయి, తొందరగానే గుబురయ్యాను. ఎంత కొట్టినా మళ్ళీ వేయడం నా జాతికి అలవాటు. ఆడవాళ్ళు ఆకుకొచ్చినప్పుడు మాటల్లో సంగతులు తెలిసేవి. పెద్దయ్యాక బలుసికి కన్నదెవరో, పొదకెందుకు ఇచ్చారో ఊళ్ళోవాళ్ళు చెప్పారంట గానీ, మళ్ళీ ఎందుకు కొనుక్కోలేదో ఎవరికీ తెలియదు. బలుసిని టౌనులో మోటారుసైకిళ్ళు బాగుచేసే సుధాకరు అనే అబ్బాయికి ఇచ్చారంట. అబ్బాయి మంచోడేనంట. అప్పగింతలప్పుడు తల్లి చేయి పట్టి ఇవ్వాలి కదా. ఓబులమ్మ వంటగిన్నెల చాటున నిలబడి, పుల్లక్కను ముందుకు తోసిందంట.

"నేను నవ్వులాటకు సవితి అంటి గానీ, ఇట్లయితాదనుకోలేదమ్మే," అంది పుల్లక్క, ఆకు గిల్లుతూ. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఆ తరువాత కొండ పక్కన దారి వెడల్పు చేయడానికి యంత్రాలు వచ్చాయి. నన్ను కొట్టి పారేస్తారనుకున్నాను. ఎవరో టౌను పెద్దమనిషి, కొత్తగా వేస్తున్న పార్కులో అడవిమొక్కలకు ఒక మూల కేటాయించారు, ఈ పొద నిండుగా ఉంది, మన్నుతో సహా లేపండి అన్నాడంట. లేపే కూలీలు ఏటిగడ్డపల్లె వాళ్ళే.

"మెల్లగా రా, ఇది గంగన్న మామ రెండో పెండ్లాము," అని ఒకడు నవ్వాడు.

ఓబులమ్మ పొద్దున్నుంచి అక్కడే నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. "వేరు తెగనీకండి నాయనా, మన్ను రాలనీకండి," అని ప్రతి ఒక్కరినీ బతిమాలింది. నా చుట్టూ తడిగోనె చుట్టి, ట్రాక్టరు కదిలేదాకా అంచు పట్టుకునే ఉంది.

ఇప్పుడు నేను పార్కులో ఉన్నాను. ముందర రేకు పలక, దానిమీద నా పేరు. దాని కింద ఎవరికీ నోరు తిరగని ఇంకో పేరు. ఆ కింద, ఆకులు తెంపరాదు అని. రోజూ పైపుతో నీళ్ళు పోస్తారు. ఎరువు వేస్తారు. కొండమీద నాకు ఏనాడూ ఇంత ఆకు లేదు. నడకకు వచ్చే పెద్దమనుషులు నా ముందు ఆగి, "ఓహో, బతికుంటే బలుసాకు అంటారే, అది ఇదేనా!" అని ఫొటో తీసుకుంటారు. ఆకు ముదిరి, పండి, రాలి, చీపురు కిందికి పోతుంది. తినే ఆకును పుట్టించుకుని, తినేవాళ్ళు లేకుండా బతకడం ఎట్లా ఉంటుందో ఎవరికి చెప్పుకోను? నడినెత్తి చిగురు పొదది అన్నవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు చిగుళ్ళన్నీ నావే. ఏం చేసుకోను?

ఓబులమ్మ బస్సెక్కి వచ్చేది. వచ్చి, కొత్త చిగురు వేశానా లేదా అని చూసి, ఎదురుగా సిమెంటు బల్లమీద కూర్చునేది.

"ఏమవ్వా, ఇన్ని పూలమొక్కలు పెట్టుకుని ఈ కంపకాడ కూసుంటావేంది?" అని వాచ్‌మన్ అడిగాడు.

"ఇది మా ఊరిది నాయనా."

"మా ఊరిదే అయితే కొట్టి పొయ్యిలో పెడుదును," అని వాడు నవ్వి పోయాడు.

బలుసి ఇల్లు పార్కుకు దగ్గరేనంట. ఓబులమ్మ అక్కడికి పోయి చుట్టపుమనిషిలాగా టీ తాగి, వెళ్ళొస్తానని చెప్పి వచ్చేసేది. ఇదంతా నాకు ఆమే చెప్పింది, బల్లమీద కూర్చుని, తనలో తాను మాట్లాడుకున్నట్టు. బలుసికి మొదటి కాన్పు నిలవలేదనీ, రెండోది ఎనిమిదో నెలలోనే పుట్టి ఆస్పత్రిలో అద్దాలపెట్టెలో ఉందనీ చెప్పింది. ఆ రోజు ఆమె చిగురు చూడలేదు. నా ముందు నిలబడి, పలకమీది దుమ్ము కొంగుతో తుడిచిపోయింది.

కొన్నాళ్ళకు ఇద్దరూ కలిసి వచ్చారు. ముందు బలుసి. నన్ను కొట్టిన నాటి తరువాత మళ్ళీ చూడటం అదే. ముఖం వాచి ఉంది, నడక ఇంకా పచ్చిబాలింత నడకే. చేతిలో చేట. ప్లాస్టిక్ చేట, ఎర్రటిది. దానిలో టర్కీ టవలు, టవల్లో పిడికెడు ప్రాణం. వెనక ఓబులమ్మ.

"వాచ్‌మన్ టీకి పోయినాడు. తొందరగా కానీ చిన్నమ్మా," అంది బలుసి. "ఏమేం మాట్లాడాలనో నన్నిచ్చిన జేజికి తెలుసు, జేజి ల్యాకపాయ. నువ్వు విన్న్యావు గదా. చెప్పు."

"మీ అత్త చెప్పినాదా, ఇట్ల చెయ్యమని?"

"ఎవురూ చెప్పలా. నాకే అనిపించినాది. ఇంత బరువు కూడా ల్యాదు చిన్నమ్మా ఇది. ఊపిరి తీస్తాందో ల్యాదో అని ముక్కుకాడ వేలు పెట్టుకుని కూచుంటాండా. నిన్న దీన్ని ముద్దు పెట్టుకోబోతే భయమేసినాది. ఎవురో చూస్తాండారేమో అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నన్ను బతికించినాది గదా ఈ పొద. దీన్నీ బతికించనీ."

చెప్పులు పక్కన విడిచి, గడ్డిమీద మోకాళ్ళు ఆనించి, చేటను నా కిందికి తోయబోయింది. ఆ బిడ్డ ముఖం నాకు కనబడింది. నిద్రలో పెదవులు కదిలిస్తోంది. నాకు మళ్ళీ చీమలు కనబడ్డాయి.

ఓబులమ్మ వంగి, చేట అంచు పట్టుకుంది.

"వద్దు."

"మాటలు గుర్తు ల్యావా?"

"అన్నీ ఉండాయి. అయినా వద్దు."

"నన్నిస్తివి గదా!"

"ఇస్తి." ఓబులమ్మ చేట వదల్లేదు. "నువ్వు బతికినావు. నాకు మాత్రం బిడ్డ ల్యాకపాయ."

బలుసి తల ఎత్తి చూసింది.

"పండ్లు ఊడినాక కొనుక్కోవాల. ఆ పొద్దు నీ ఒళ్ళు వెచ్చంగుండె. మళ్ళేడు అనుకుంటి. ఆ మళ్ళేడు రాలా. నువ్వు అమ్మా అంటే ఎవురన్నా వింటారేమో అని భయం. నిన్ను ముట్టుకుంటే చూస్తారేమో అని భయం. సావు చూడకూడదని, నువ్వు కూడా చూడకుండా దాపెట్టుకుంటి. ఈ భయం ఒక యేటితో పోయేది కాదమ్మే. ఇస్తే మళ్ళ తీసుకోల్యావు. నా భయం మాదిరిదే నీదీ." ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "దీన్ని ముద్దుపెట్టుకో. ఉన్నన్నాళ్ళు నీ బిడ్డగానే ఉండనీ. పోతే..." ఆ మాట ఆమె జీవితంలో ఎప్పుడూ పైకి అనలేదు. "పోతే నీ బిడ్డగానే పోనీ. ఎవురిదో అని చెప్పాకు."

చేట నా కొమ్మలకు ఒక జానెడు ఇవతల ఆగి ఉంది. ఆ జానెడు ఎప్పుడు తరుగుతుందో అని చూస్తున్నాను. బలుసి చేటను వెనక్కి లాక్కుంది. టవలు తొలగించి, బిడ్డ నుదుటిమీద పెదవులు ఆనించింది. మొదట భయంభయంగా, తరువాత గట్టిగా. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. సన్నటి ఏడుపు, అయినా పార్కంతా వినబడింది. ఇద్దరిలో ఎవరూ నోరు మూయించలేదు.

వాచ్‌మన్ వచ్చి, గడ్డి తొక్కవద్దని అరిచాడు.

"పోతాండాంలే అన్నా," అని బలుసి లేచింది. లేచి, "పట్టుకో, చెప్పులేసుకోవాల," అని బిడ్డను ఓబులమ్మ చేతుల్లో పెట్టింది. అదేదో రోజూ చేసే పని అయినట్టు. చాచిన ఆ చేతులు ఈసారి వెనక్కి పోలేదు. ఎత్తుకున్న బిడ్డను రొమ్ముకు ఆనించుకుని, అలవాటు చొప్పున ఒకసారి చుట్టూ చూసింది. వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు.

చెప్పులు వేసుకోవడం ఎంతసేపు? బలుసి తిరిగి చేతులు చాపింది. ఓబులమ్మ ఇచ్చేసింది. ఇద్దరూ గేటువైపు నడిచారు. అంతసేపూ నేను ఒక్క మాటకోసం చెవి ఒగ్గి ఉన్నాను. ఎందుకు కొనుక్కోలేదో ఇప్పుడు ఆ పిల్లకు తెలిసిపోయింది. ఇంకేం అడ్డం? గేటు దగ్గర బలుసి ఆగి, వెనకబడిన ఆమెకోసం చూసింది. చూసి పిలిచింది.

"రా చిన్నమ్మా, ఎండెక్కుతాంది."

ఓబులమ్మ తల ఊపి వెంట పోయింది. ఎన్నేళ్ళనుంచో చిన్నమ్మా అని అలవాటైన నాలుక అది, ఒక్క పొద్దులో తిరగదు. ముందు ముందు తిరుగుతుందేమో, తిరగదేమో, ఓబులమ్మకు అంత ఆయుష్షు ఉందో లేదో. నాకెప్పుడూ చెడ్డవే తోస్తాయి.

ఆ పిల్ల నోట వచ్చిన అమ్మా అన్న పిలుపు, టెంకాయచిప్పతో నీళ్ళు పోసిన నాటిది, ఇంకా నా దగ్గరే ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు. ఎట్లా ఇచ్చేయాలో తెలియదు.